స్టాక్ లేదన్నాను

నా భార్యకు డాక్టరు రాసిన మాత్రలు మా ఊరి ఫార్మసీలో మూడున్నర వారాలు అలాగే ఉండిపోయాయి. వాటిని ఇంటికి తేవలసింది నేను. ఆ దుకాణం ముందునుంచే ఫ్యాక్టరీకి వెళ్లి వచ్చేవాణ్ణి. అయినా తేలేదు. పైగా ఇంటికొచ్చి, స్టాక్ లేదట అని చెప్పాను. ఒక్కసారి కాదు, చాలాసార్లు.

అది కోవిడ్ వచ్చిన రెండో చలికాలం. మేం ఐర్లండ్‌లో, డబ్లిన్ పక్కనున్న లీక్స్‌లిప్‌లో ఉండేవాళ్లం. చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం, పన్నెండు గంటల షిఫ్టు. దేశమంతా ఇళ్లలో కూర్చున్నా మా ఫ్యాక్టరీ ఒక్కరోజు కూడా ఆగలేదు. నా భార్య హన్మకొండలో ఇంజినీరింగ్‌లో నా క్లాస్‌మేటు. మార్కుల్లో ఎప్పుడూ నాకంటే పైనే ఉండేది. డబ్లిన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తూ పాప కోసం సెలవులో ఉంది.

కాన్పుకి నన్ను ఆస్పత్రి లోపలికి రానివ్వలేదు. అప్పటి నిబంధన అది. పధ్నాలుగు గంటలు తను లోపల ఒక్కతే నొప్పులు పడింది, నేను పార్కింగులో కారులో కూర్చున్నాను. చివరి గంటకు పిలిచారు. పాప పుట్టిన కాసేపటికి మళ్లీ బయటికి పంపారు. మా అత్తగారికి తీసిన టికెట్ రెండుసార్లు రద్దయింది. మూడో రోజు పాపను కార్‌సీట్‌లో పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. వారం తిరగకుండా నేను డ్యూటీకి వెళ్లిపోయాను. అప్పటినుంచి రోజులో ఎక్కువ భాగం తను ఒక్కతే.

మొదట్లో నాకేమీ తెలియలేదు. తను ఏడ్చేది కాదు, అందుకే తెలియలేదేమో. పాల సీసాలు కడిగినవే కడిగేది. పాప నిద్రపోతుంటే పక్కన కూర్చుని ఛాతీ మీద చెయ్యి వేసి, ఊపిరి తీస్తోందా లేదా అని చూసేది. పాప పడుకున్నప్పుడు నువ్వూ కాసేపు పడుకోరాదూ అంటే, "నిద్ర వస్తలేదు" అనేది. అన్నం కలిపి ముందు పెడితే చల్లారేదాకా చూస్తూ కూర్చునేది. కొత్త తల్లులకు ఇవన్నీ మామూలే అనుకున్నాను.

పాపకు అయిదు వారాలు నిండాక బరువు చూడటానికి హెల్త్ నర్సు ఇంటికి వచ్చింది. ముఖానికి మాస్కు, మీద ప్లాస్టిక్ ఏప్రన్. పాపను తూచి, తరువాత నా భార్యను కొన్ని ప్రశ్నలు అడిగింది. నవ్వు వస్తోందా, భయం వేస్తోందా, నీకు నువ్వు ఏదైనా చేసుకోవాలనిపిస్తోందా అని. నేను వంటింట్లోంచి వింటున్నాను. ఏమీ లేదు, బాగానే ఉన్నాను అంటుందనుకున్నాను. తను మాత్రం ఒక్కోదానికీ ఆగి, ఆలోచించి, నిజం చెప్పింది. నర్సు అక్కడినుంచే మా జీపీకి, అంటే మా ఫ్యామిలీ డాక్టరుకు, ఫోన్ చేసింది.

సాయంత్రం డాక్టరమ్మ ఫోన్ చేసి దాదాపు అరగంట మాట్లాడింది. ఇది జబ్బు, బలహీనత కాదు, తగ్గుతుంది అంది. రోజుకు ఒక మాత్ర, పాలిచ్చే తల్లులు కూడా వేసుకోవచ్చు, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి ఆలస్యం చేయవద్దు అంది. చీటీ చేతికి ఇచ్చే రోజులు కావవి. నేరుగా ఫార్మసీకి ఈమెయిల్‌లో పంపేవారు. మనం వెళ్లి పేరు, పుట్టిన తేదీ చెప్పి తెచ్చుకోవడమే.

ఫోన్ పెట్టేశాక నా భార్య ముఖం చాలా రోజుల తరువాత కాస్త తేరుకున్నట్టు అనిపించింది. "రేపు తెస్తవా? తెచ్చినంక ఎంటనే మొదలుపెడ్త" అంది.

"తెస్త" అన్నాను. ఆ క్షణాన తేవాలనే అనుకున్నాను.

మరుసటి రోజు షిఫ్టు అయ్యాక వెళ్లాను. ఫార్మసీ బయట రెండేసి మీటర్ల దూరంలో జనం నిలబడి ఉన్నారు. లోపలికి ముగ్గురినే పంపేవారు. నా వంతు వచ్చేలోగా తను ఫోన్ చేస్తే, ఇంకేమన్నా కావాలా అని తెలుగులో మాట్లాడుతూనే లోపలికి అడుగుపెట్టాను. కౌంటర్లో అద్దం వెనకాల ఉన్న అమ్మాయి మాస్కు పైనుంచి కళ్లతో నవ్వింది.

"అన్నా, మీరు తెలుగా? మాది కరీంనగర్. ఈడ మాస్టర్స్ చేస్తున్న. ఏం కావాలన్నా?"

ఆ అమ్మాయికి నా భార్య పేరు చెప్పాలి. ఆమె కంప్యూటర్లో చూస్తుంది. ఆ మాత్రలు దేనికి వేసుకుంటారో ఆమెకు తెలుస్తుంది. లీక్స్‌లిప్, పక్క ఊరు మేనూత్‌ల తెలుగువాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఎవరి కారు అమ్మకానికి ఉందో, ఎవరి ఇంటి లీజు అయిపోతోందో అన్నీ అందులో తెలిసిపోతాయి. ఫలానావాళ్లావిడకు మతి బాగాలేదట అన్న మాట కూడా అందులో తిరుగుతుందనిపించింది.

ఆ భయం వెనక ఇంకొకటి ఉంది. నా చిన్నప్పుడు మా మేనత్తకు కాన్పు తరువాత ఇలాగే అయింది. వరంగల్ పెద్దాసుపత్రిలో మందులు రాశారు. ఆమె పగలంతా అరుగు మీద మగతగా కూర్చునేది. వాడలో పిల్లలం ఆమెలా నోరు తెరిచి, తల వేలాడేసి నడిచి నవ్వుకునేవాళ్లం. అందరికంటే బాగా నటించి చూపించేవాణ్ణి నేనే. మందులు అనగానే నాకు అదే గుర్తొచ్చింది. నా భార్యను ఎవరైనా అలా చూస్తారేమోనని భయపడ్డాను.

"డైపర్లు కావాలమ్మా. పారాసిటమాల్ ఒకటి" అన్నాను.

అవి తీసుకుని బయటపడ్డాను. ఇంట్లో తను తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"తెచ్చినవా?"

"స్టాక్ లేదంట. రెండు మూడు రోజులైతదట."

అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకు తెలియదు. ముందుగా ఆలోచించి పెట్టుకున్నది కాదు. తను సరేనని లోపలికి వెళ్లి మళ్లీ సీసాలు కడగడం మొదలుపెట్టింది.

ఆ వారాంతం మా అమ్మతో వీడియోకాల్ మాట్లాడుతూ సంగతి చెప్పాను. "బాలింతకు గోలీలేందిరా? పాలల్లకు పోవా గవి? వాము నీళ్లు తాపు, మంచిగ తినబెట్టు, అదే తగ్గుతది" అంది అమ్మ. నాకు కావలసిన మాట అదే. వాము నీళ్లు కాచాను. నువ్వుల ఉండలు చేశాను. కాలువ గట్టు దాకా నడుద్దాం రా అని బలవంతాన తీసుకెళ్లాను. ఒకరోజు పాపకు ఎక్కిళ్లు వస్తే తను చిన్నగా నవ్వింది. చూశావా, మందుల్లేకుండానే తగ్గుతోంది అని నాకు నేను చెప్పుకున్నాను.

నాలుగు రోజులకు తను మళ్లీ అడిగింది. బ్రెగ్జిట్ వల్ల లారీలు పోర్టులో ఆగిపోయాయట అన్నాను. అప్పుడు వార్తల్లో అదే నడుస్తుండటంతో నమ్మింది. ఇంకో మూడు రోజులకు, "మేనూత్‌ల వేరే ఫార్మసీకి పంపమని డాక్టర్‌ను అడుగుదామా?" అంది. అంత నీరసంలోనూ దారి వెతికింది తనే.

"వద్దు, నేను చూసుకుంట" అన్నాను. ఆ దారీ మూసేశాను.

జీపీ దగ్గర నమోదు చేసుకున్నప్పుడు మా ఇద్దరికీ నా నంబరే ఇచ్చాం. అందుకే ఫార్మసీవాళ్ల ఫోన్లు నాకే వచ్చాయి. మొదటిసారి చేసింది ఆ కరీంనగర్ అమ్మాయే.

"అన్నా, అక్క మందులు రెడీగున్నయ్. ఎప్పుడొస్తరు?"

నేను గొంతు తగ్గించి, "ఎవ్వరికీ చెప్పకమ్మా" అన్నాను.

"అయ్యో అన్నా, మేం ఎవ్వరి గురించీ ఎవ్వరికీ చెప్పొద్దు. చెప్తే నా కొలువు పోతది. మీరు తీస్కపోండి, అక్కకు లేట్ చెయ్యకండి."

ఇంక నాకు సాకు లేదు. వెళ్లి తెచ్చుకోవచ్చు. కానీ ఇప్పుడు వెళ్తే ఆ అమ్మాయి ముఖం చూడాలి. ఇంటికి తెస్తే, ఇన్నాళ్లు ఎందుకు తేలేదో నా భార్యకు చెప్పాలి. రేపు వెళ్దాం అనుకున్నాను. రెండోసారి ఫార్మసిస్టే ఫోన్ చేస్తే, ఈ వారం వస్తానన్నాను. వెళ్లలేదు.

రెండు వారాలకు డాక్టరమ్మ ఎలా ఉందో కనుక్కుందామని ఫోన్ చేసినప్పుడు నేను ఫ్యాక్టరీ పార్కింగులో ఉన్నాను. "షీ ఈజ్ గ్రాండ్" అన్నాను. ఇక్కడివాళ్లు ప్రతిదానికీ గ్రాండ్ అంటారు, బాగానే ఉందని అర్థం. మాత్రలు పడుతున్నాయా అని అడిగితే, ఆఁ అన్నాను. ఆమెతో ఒకసారి మాట్లాడనా అంటే, ఇప్పుడే పడుకుంది అన్నాను. ఆ సమయంలో తను ఏం చేస్తోందో నిజానికి నాకు తెలియదు.

పాపకు ఎనిమిది వారాలు దాటాక ఒక గురువారం. చిప్‌లు తయారయ్యే క్లీన్‌రూమ్‌లోకి ఫోన్ తీసుకెళ్లకూడదు కాబట్టి లాకర్లో పెట్టి వెళ్లాను. మధ్యాహ్నం బయటికి వచ్చి చూస్తే తెలియని నంబరు నుంచి ఎన్నో మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే ఎత్తింది గార్డ్స్. ఇక్కడ పోలీసులను అలాగే అంటారు. అవతల ఒక మగ గొంతు చాలా నెమ్మదిగా చెప్పింది: "మీ పాప క్షేమం. మీ భార్య కూడా క్షేమం. ముందు అది వినండి. తరువాత ఇంటికి రండి."

జరిగింది తరువాత తెలిసింది. మా పక్కింట్లో డెబ్భై దాటిన ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. కోవిడ్ భయంతో ఏడాదిగా ఎవరినీ గడప దాటి రానివ్వలేదు. కిటికీలోంచి మాకు చెయ్యి ఊపేది, అంతే పరిచయం. ఆ మధ్యాహ్నం నా భార్య పాపను బుట్టతో సహా తీసుకెళ్లి ఆమె గుమ్మంలో పెట్టింది. పక్కన సీసాలు, డైపర్లు, ఏ టైముకు ఎన్ని పాలు పట్టాలో రాసిన కాగితం. బెల్లు కొట్టి, నిబంధన ప్రకారం రెండు మీటర్లు వెనక్కి వెళ్లి నిలబడింది. ఆవిడ తలుపు తీయగానే, "పాపను కాసేపు చూస్తారా? నాకంటే మీ దగ్గరే క్షేమంగా ఉంటుంది" అని చెప్పి వెళ్లిపోయింది. సన్నగా వాన పడుతోంది. ఒంటి మీద కోటు లేదు.

ఆవిడ పాపను లోపలికి తీసుకుని గార్డ్స్‌కి ఫోన్ చేసింది. నా భార్య కాలువ గట్టున బెంచీ మీద కూర్చుని కనిపించిందట. ఎందుకు వచ్చావని అడిగితే, నిద్ర కోసం వచ్చానందట. ఇంటికి వెళ్లాక నేను ఇంకేమీ అడగలేదు. ఆ బెంచీ దగ్గర తన మనసులో ఏముందో ఇప్పటికీ అడగలేదు. వినే ధైర్యం లేక.

గార్డ్స్ మాట్లాడితే డాక్టరమ్మ వెంటనే రమ్మంది. ముగ్గురం ఆమె గదిలో మాస్కులతో కూర్చున్నాం. పాప నా ఒళ్లో ఉంది.

"మాత్రలు మొదలుపెట్టి మూడు వారాలు దాటింది. ఏమాత్రం తేడా తెలియలేదా?" అని డాక్టరమ్మ తనను అడిగింది.

"మాత్రలు ఇంకా రాలేదు. స్టాక్ లేదన్నారు" అంది నా భార్య.

డాక్టరమ్మ కనుబొమలు ముడిచింది. "ఇది ఎక్కడైనా దొరికే మందు. ఉండండి" అని ఫార్మసీకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకున్నాను. చెప్పలేదు. ఫార్మసిస్టు గొంతు వినిపించింది. "మీరు పంపిన రోజు నుంచే కట్టి పెట్టి ఉంది డాక్టర్. రెండుసార్లు ఫోన్ చేశాం. వాళ్లాయన వస్తానన్నారు."

నా భార్య నా వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. లెక్క ఎక్కడ తప్పిందో అర్థంకాని మనిషిలా చూసింది. డాక్టరమ్మ నన్ను పాపతో బయట కూర్చోమంది. వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మర్నాడు ఉదయం ఆస్పత్రి నుంచి ఒక నర్సు ఫోన్ చేసేలా, వారం వారం మాట్లాడేలా ఏర్పాటు చేశారు. తనను ఒంటరిగా వదలొద్దని నాకు గట్టిగా చెప్పారు.

కారులో అన్నీ చెప్పాను. కౌంటర్లో అమ్మాయి, వాట్సాప్ గ్రూపు, మేనత్త, అమ్మ అన్న మాట, డాక్టరుతో గ్రాండ్ అన్నది, అన్నీ. తను చివరిదాకా విన్నది.

"నాకు మంచిగ లేదని ఆ నర్సుకు చెప్పుడు నాకెంత కష్టమైందో నీకు తెల్వదు" అంది. "చెప్పిన. చెప్పేసిన, ఇగ అయిపోయింది, ఇగ మంచిగైత అనుకున్న. రోజూ తలుపు కాడ నిలబడ్డ నీ కోసం."

ఫార్మసీ ముందు కారు ఆపాను. నేను వెళ్తానంటే వద్దని తనే దిగింది. అద్దంలోంచి కనిపిస్తోంది. ఆ కరీంనగర్ అమ్మాయి కౌంటర్ వదిలి ఇవతలికి వచ్చి, దూరంగా నిలబడి ఏదో చెబుతోంది. నా భార్య తల ఊపుతోంది. పది నిమిషాలకు చిన్న తెల్ల కాగితపు కవరుతో తిరిగి వచ్చింది.

"అక్కా అన్నది. ఎట్ల ఏసుకోవాల్నో మంచిగ చెప్పింది. నీళ్లిచ్చింది, ఆడ్నే ఒకటి ఏసుకున్న" అంది. సీటు బెల్టు పెట్టుకుంటూ, "ఈ పిల్లకా నువ్వు భయపడ్డది?" అంది.

నేను కారు స్టార్ట్ చేయలేకపోయాను.

ఫ్యాక్టరీలో సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. మొదటి రెండు వారాలు ఏ తేడా లేదు, పైగా వికారం. ఒక్క మాత్ర కూడా తను మానలేదు. పక్కింటి పెద్దావిడ రోజూ పదకొండింటికి వచ్చి, కిటికీలు తెరిచి, పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. "నేను టీకా వేయించుకునేలోగా ఈ పిల్ల పెద్దదైపోతుంది, రాకుండా ఎలా?" అనేది. ఆ గంటసేపు నా భార్య పడుకునేది. మొదట కళ్లు మూసుకుని ఉండేది, తరువాత్తరువాత నిజంగానే నిద్రపోయేది. అయిదో వారంలో ఒకరోజు పప్పు నోట్లో పెట్టుకుని, "ఇంత ఉప్పేంది?" అని విసుక్కుంది. నేను వంటింట్లోకి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడిపోయాను. మూడు నెలల్లో తను దేని గురించైనా విసుక్కోవడం అదే మొదలు.

తగ్గింది. పూర్తిగా తగ్గడానికి ఏడాది పట్టింది. డాక్టరు చెప్పేదాకా మాత్రలు ఆపలేదు. మా మధ్య మాత్రం కొన్ని మారిపోయాయి. జీపీ దగ్గర తన నంబరు తనే మార్పించుకుంది. తన మందులే కాదు, పాప దగ్గుమందు కూడా నన్ను తెమ్మనదు. నేను తెస్తానంటే, "వద్దులే, నేను పోత" అంటుంది. అందులో దెప్పిపొడుపు ఉండదు. అదే నాకు ఎక్కువ బాధ.

పాప రెండో పుట్టినరోజుకు ఫోటోలు వెతుకుతూ నా భార్య నా ఫోన్లో ఒక వీడియో చూసింది. పాప మొదటిసారి నవ్విన వీడియో. మందులు ఫార్మసీలో పడి ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం నేను తీసింది. రెండుసార్లు చూసి, "నేను అప్పుడు యాడున్న?" అని అడిగింది.

పాపను ఎత్తుకుని ఉన్నది తనే. ఎర్ర స్వెటరు, జడ వేసుకోని జుట్టు. నేను వేలితో చూపించాను. తను చాలాసేపు చూసి, "నాకు యాదికి లేదు" అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది. క్షమించమని అంతకుముందు చాలాసార్లు అడిగాను. ఆ రోజు తరువాత అడగడం మానేశాను. అడిగినప్పుడల్లా నన్ను ఓదార్చే పని కూడా తనమీదే పడుతోందని ఆ రోజే తెలిసింది.

కిందటేడు తనకు మళ్లీ నెల తప్పింది. ఈసారి ఆస్పత్రిలో నన్ను లోపలికి రానిచ్చారు. మొదటి విజిట్‌లో మిడ్‌వైఫ్ పాత వివరాలన్నీ అడుగుతూ కంప్యూటర్లో ఎక్కిస్తోంది. పోయినసారి కాన్పు తరువాత వచ్చిన జబ్బు గురించి నా భార్య ఏ తడబాటూ లేకుండా చెప్పింది. మందు పేరు, ఎన్నాళ్లు వాడిందీ చెప్పింది.

"డాక్టరు రాయగానే మొదలుపెట్టారా?"

"లేదు. మూడున్నర వారాలు ఆలస్యమైంది."

"ఏదైనా కారణం ఉందా?"

నా భార్య నా వైపు చూడలేదు. చేతిలోని ఫైలు సర్దుకుంటోంది. నేను చెప్పకపోతే ఆ ప్రశ్న అక్కడితో పోయేదే. మిడ్‌వైఫ్ అప్పటికే తరువాతి పేజీకి వెళ్లబోతోంది.

"నేను తేలేదు" అన్నాను. "మందులు సిద్ధంగానే ఉన్నాయి. తేవలసింది నేను. తేకుండా, స్టాక్ లేదని ఈమెకు అబద్ధం చెప్పాను."

మిడ్‌వైఫ్ చేతులు కీబోర్డు మీద ఆగాయి. నన్ను ఒకసారి, తనను ఒకసారి చూసింది. తిట్టలేదు, పరవాలేదనీ అనలేదు. "సరే, ఇది రాసుకుంటాను" అని టైపు చేసింది. తరువాత కుర్చీ నా భార్య వైపు తిప్పుకుని, మందులు అవసరమైతే ఈసారి ఎవరు తెచ్చిపెట్టాలని అడిగింది.

"నేనే తెచ్చుకుంటాను" అంది నా భార్య.